కథకో చీటీ

మన గ్రంథాలయోద్యమం గురించి రాసిన ఏ పుస్తకం తెరిచినా నాలుగు రకాల మనుషులు కనిపిస్తారు. స్థాపించినవాళ్ళు, స్థలమిచ్చినవాళ్ళు, పుస్తకాలు దానం చేసినవాళ్ళు, అక్కడ కూచుని చదువుకుని పైకొచ్చినవాళ్ళు. 1886లో విశాఖపట్నంలో సరస్వతీ నిలయం పెట్టిన మంతిన ఆదినారాయణమూర్తి గారి పేరు ఉంటుంది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారి పేరు ఉంటుంది. కృష్ణా కాలువల మీద పడవల్లో తిరిగిన పుస్తకాల ముచ్చట తప్పకుండా ఉంటుంది. ఆ పడవలోకి ఎక్కే ముందు ప్రతి పుస్తకానికీ ఒక నంబరేసి, రిజిస్టర్లో ఎక్కించి, తిరిగొచ్చాక సరిచూసుకున్న మనిషి మాత్రం ఎక్కడా ఉండడు.

ఆ మనిషి చేసే పనికి గ్రంథాలయ శాస్త్రంలో సాంకేతిక సేవలు అని పేరు. పేరు వింటే కంప్యూటర్లు బాగుచేసే పనేమో అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. ఏ పుస్తకం కావాలో చూసి తెప్పించడం, వచ్చినదాన్ని రిజిస్టర్లో రాయడం, అది దేని గురించో చదివి తెలుసుకుని ఒక వర్గంలో పెట్టడం, రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం, ఎన్నో ముద్రణ అన్నీ చూసి కేటలాగు రాయడం, వీపు మీద లేబుల్ అంటించడం, పత్రికల్లో ఏ సంచిక రాలేదో కనిపెట్టి మళ్ళీ అడగడం, చిరిగితే బైండింగుకి పంపడం. ఇదంతా కౌంటర్ వెనకాల జరుగుతుంది. సరిగ్గా జరిగితే పాఠకుడికి పుస్తకం దొరుకుతుంది, ఎలా దొరికిందో ఆలోచించడు. జరక్కపోతే పుస్తకం లేదనుకుని ఇంటికెళ్ళిపోతాడు. రెండు సందర్భాల్లోనూ ఆ పని కంటికి ఆనదు. కంటికి ఆనని పనికి డబ్బు అడగడం, ఉద్యోగం అడగడం కష్టం.

ఈ పని మీద సాహిత్య చరిత్ర ఎంతగా ఆధారపడి ఉందో చూపించడానికి దూరం పోనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం చాలు. ఆధునిక తెలుగు వచనానికి పునాది పడిన ఊళ్ళు ఇవి. ఇక్కడి కథే చెప్తాను.

కారా మాస్టారి రెండో పని

కాళీపట్నం రామారావు గారు 1924లో శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేశారు. 1964లో వచ్చిన ‘యజ్ఞం’ మీద జరిగినంత చర్చ తెలుగులో మరే కథ మీదా జరగలేదంటే అతిశయోక్తి కాదు. ‘యజ్ఞంతో తొమ్మిది’కి 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆ డబ్బూ, ఇతరత్రా కూడబెట్టిందీ కలిపి ఆయన శ్రీకాకుళంలో ఒక ఇల్లు కట్టించారు. 1997 ఫిబ్రవరి 22న అది కథానిలయంగా తెరుచుకుంది.

అప్పటికే ఆయన కథలు రాయడం దాదాపు మానేశారు. అంత రాయగలిగినవాడు ఎందుకు రాయడం లేదని బాధపడ్డవాళ్ళు ఎందరో. ఆ బాధలో ఒక లెక్క దాగుంది: కథ రాయడం సృజన, కథల్ని పోగుచేసి సర్దడం గుమాస్తా పని అని. నాకు ఆ లెక్క తప్పనిపిస్తుంది. కథానిలయాన్ని మనం భవనంగా, స్మారకంగా, సాహితీ యాత్రాస్థలంగా చూస్తాం. అక్కడికెళ్ళినవాళ్ళు గోడల మీది రచయితల ఫోటోల దగ్గర నిలబడి ఫోటో దిగుతారు. కానీ ఆయన తలకెత్తుకున్న పని అసలు స్వభావం కేటలాగు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఎక్కడ, ఎప్పుడు, ఎవరి పేరుతో వచ్చిందో ఒకచోట తెలియాలి, ఆ కథ అక్కడ దొరకాలి. ఇదీ సంకల్పం.

మామూలు గ్రంథాలయం ఈ పని చెయ్యలేదు. ఎందుకో కొంచెం లోపలికెళ్ళి చూడాలి. మన జిల్లా గ్రంథాలయాల్లో విరివిగా వాడే డ్యూయీ దశాంశ పద్ధతి 1876లో అమెరికాలో పుట్టింది. సాహిత్యానికి అందులో 800 నుంచి 899 దాకా నంబర్లు. ఇంగ్లీషు సాహిత్యానికి ఒక పది, జర్మన్‌కి ఒక పది, ఫ్రెంచికి ఒక పది. ఐరోపా పెద్ద భాషలన్నీ సర్దుకున్నాక మిగిలిన లోకమంతటికీ చివరి పది. అందులో 894 అనే గదిలో టర్కిష్, హంగేరియన్, ఫిన్నిష్ భాషలతో పాటు ద్రావిడ భాషలూ ఉంటాయి. తెలుగు సాహిత్యం 894.827. కవిత్వమైతే చివర 1, నాటకమైతే 2, కథాసాహిత్యమైతే 3. అంటే తెలుగు నవలలూ కథల సంపుటాలూ అన్నీ 894.8273లోనే. ఆ నంబరు పుస్తకం దాకా తీసుకెళ్తుంది. పుస్తకంలో ఉన్న పదిహేను కథల పేర్లు దానికి తెలీవు. ఇక పత్రిక సంగతి చెప్పనే అక్కర్లేదు. 1924లో మొదలై 1991 దాకా నడిచిన ‘భారతి’నే తీసుకోండి. నెలకొకటి చొప్పున 800 దాకా సంచికలు. గ్రంథాలయం దాన్ని ‘భారతి, మాసపత్రిక’ అని ఒక్క వరసలో రాసుకుంటుంది. లోపల ఎవరి కథ ఉందో తెలియాలంటే సంచిక తర్వాత సంచిక తిరగేయాల్సిందే.

తెలుగు కథలో చాలా భాగం పుట్టింది పత్రికల్లో. సంపుటంగా రాని కథలకి పత్రికే ఏకైక ఇల్లు. కాబట్టి పత్రిక లోపలికి వెళ్ళి కథకో చీటీ రాయాలి. చీటీ అంటే కాగితమ్ముక్కే కానక్కర్లేదు. రిజిస్టర్లో వరస కావచ్చు, కంప్యూటర్లో రికార్డు కావచ్చు. కథ పేరు, రచయిత పేరు, పత్రిక పేరు, తేదీ. ఇంతే. ఈ నాలుగూ సరిగ్గా రాయడానికి ఒక్కో కథకి కొన్ని నిమిషాలు పడుతుంది, కొన్నిసార్లు కొన్ని రోజులు పడుతుంది. కారా మాస్టారూ, ఆయనతో చేతులు కలిపినవాళ్ళూ ఆ నిమిషాల్నీ రోజుల్నీ ఏళ్ళ తరబడి పెట్టారు. ఈరోజు కథానిలయం వెబ్‌సైటులో కథ పేరుతోనో రచయిత పేరుతోనో పత్రిక పేరుతోనో వెతికితే సమాధానం వస్తోందంటే దాని వెనక ఉన్నది ఆ శ్రమ. 2021 జూన్ 4న ఆయన వెళ్ళిపోయారు. ఆయన కథల్ని ఎన్నో తలకిందులైన చర్చల్లో తూచాం. ఈ రెండో పనిని ఇంకా తూచనే లేదు.

తొలి కథ ఏది?

ఈ చీటీల వల్ల ఏమొచ్చింది అని అడిగేవాళ్ళకి ఒక ఉదాహరణ. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 ఫిబ్రవరి ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. తెలుగులో తొలి కథ అదేనని తరాల పాటు చదువుకున్నాం. పాఠ్యపుస్తకాల్లో రాసుకున్నాం, పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. 2010లో కథకి నూరేళ్ళని సభలు కూడా చేసుకున్నాం.

అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, స్త్రీల పత్రిక ‘హిందూ సుందరి’లో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ అచ్చయింది. 1874లో పుట్టి 1905లో పోయిన ఆమెకి గుర్తింపు రావడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది. దీనికి స్త్రీల రాతల పట్ల మన విమర్శకుల చిన్నచూపు ఒక కారణం. ఆ మాట పదే పదే చెప్పుకోవాలి. దానికి తోడుగా ఇంకో మామూలు కారణం ఉంది. పత్రిక ఎక్కడో అల్మారాలో ఉన్నా, ఆ సంచికలో ఏముందో ఎవరూ రాసిపెట్టకపోతే సాహిత్య చరిత్రకి అది లేనట్టే. చరిత్రకారుడు తనకి దొరికినవాటి మీద చరిత్ర రాస్తాడు. ఏది దొరకాలో అతనికన్నా ముందు నిర్ణయించేది సూచిక.

కథానిలయంతో సన్నిహితంగా పనిచేసిన వివినమూర్తి గారు ‘దిద్దుబాటు’కి ముందు వచ్చిన 92 కథల్ని ‘దిద్దుబాటలు’ పేరుతో సంకలనం చేశారు. వీటిలో ఏది కథ, ఏది కాదు అని ఎంతైనా వాదించుకోవచ్చు. ‘దిద్దుబాటు’ శిల్పంలో వీటికన్నా ఎక్కడో ఉందనీ వాదించవచ్చు, నేనూ ఆ పక్షమే. కానీ ఆ వాదన ఇప్పుడు 92 కథల్ని ముందు పెట్టుకుని జరుగుతుంది. అంతకు ముందు ఒక్క కథని పెట్టుకుని జరిగింది. విమర్శ స్థాయి మారడానికి కొత్త సిద్ధాంతం ఏదీ అవసరం కాలేదు. పాత పత్రికల్ని ఓపికగా తిరగేసి తేదీలు రాసుకున్నవాళ్ళు అవసరమయ్యారు.

రెండు కన్యాశుల్కాలు

విజయనగరం వెళ్దాం. ‘కన్యాశుల్కం’ 1892లో అక్కడ రంగం ఎక్కింది. 1897లో పుస్తకంగా వచ్చింది. 1909లో రెండో కూర్పు వచ్చింది. ఈ రెంటికీ ఒకటే పేరు, ఒకటే రచయిత. పుస్తకాలు మాత్రం వేరు. మనం నవ్వుకుంటూ అప్పజెప్పుకునే నాటకం 1909 నాటిది. గురజాడ దాన్ని విపరీతంగా పెంచి, మార్చి, దాదాపు కొత్తగా రాశాడు.

ఇప్పుడు కేటలాగులో ‘కన్యాశుల్కం, గురజాడ అప్పారావు’ అని మాత్రమే రాసి ముద్రణ సంవత్సరం దగ్గర ఖాళీ వదిలేశారనుకోండి. లేదా 1909 కూర్పుని తర్వాతెప్పుడో పునర్ముద్రించిన పుస్తకానికి 1897 అని రాశారనుకోండి. ఒక పరిశోధక విద్యార్థి దాన్ని తీసుకుని, పంతొమ్మిదో శతాబ్దంలో మధురవాణి ఇలా మాట్లాడింది అని సిద్ధాంత వ్యాసం రాసేస్తాడు. పన్నెండేళ్ళలో ఒక రచయిత మనసులో జరిగిన మార్పు, వ్యావహారిక భాష మీద అతనికి పెరిగిన పట్టు, అన్నీ ఒక్క ఖాళీలో మాయమైపోతాయి. మొదటి కూర్పు చాలా కాలం అందుబాటులో లేక, బంగోరె దాన్ని వెతికి ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో 1969లో మళ్ళీ అచ్చు వేయించేదాకా మామూలు పాఠకుడికి ఈ పోలిక చేసే అవకాశమే లేదు.

కృతి ఒకటి, దాని రూపాలు వేరు, ఆ రూపాల ముద్రణలు వేరు, మన చేతిలో ఉన్న ప్రతి వేరు. ఈ నాలుగు మెట్ల తేడాని 1998లో అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఒక నమూనాగా రాసి పెట్టింది. ప్రపంచమంతా కేటలాగు నియమాల్ని దాని వెలుగులో తిరగరాసుకుంది. చదివితే పొడిగా, సర్కారీ కాగితంలా ఉంటుంది. కానీ ‘కన్యాశుల్కం’ ఉదాహరణ పక్కన పెట్టుకుని చదివితే, పాఠపరిష్కర్తలు ఎప్పట్నుంచో చేస్తున్న పనే అది.

పేర్ల గొడవ

మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో ప్రచురించిన ఋగ్వేదం రెండో కూర్పు 1890-92లో నాలుగు సంపుటాలుగా వచ్చింది. ఖర్చు భరించింది విజయనగరం మహారాజా ఆనందగజపతి. పుస్తకం మీద మాత్రం ఇంగ్లీషులో ‘విజయనగర’ మహారాజు అని ఉంటుంది. అదే సంస్థానం ఆదరణతో కాశీలో వచ్చిన సంస్కృత గ్రంథమాల పేరులో ‘విజియనగ్రం’ అని ఉంటుంది. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఇంకో స్పెల్లింగు. వీటన్నిటి పక్కనా హంపి విజయనగరం ఒకటి కాచుక్కూచుంది. తెలియనివాడు సూచిక తయారుచేస్తే ఋగ్వేదానికి డబ్బిచ్చింది కృష్ణదేవరాయల వంశం అయిపోతుంది.

దీనికి గ్రంథాలయాల్లో ఒక విరుగుడు ఉంది. ఒక మనిషికి గానీ ఊరికి గానీ ఎన్ని పేర్లున్నా, ఎన్ని రకాలుగా రాసినా, అన్నిటినీ ఒకచోట చేర్చి, ఒకదాన్ని ప్రామాణికంగా ఎంచుకుని, మిగతావాటి నుంచి దానికి దారి చూపించే జాబితా ఒకటి పెట్టుకుంటారు. ఉత్తరాంధ్ర రచయితలకి ఈ జాబితా ప్రాణావసరం. రావిశాస్త్రి అని వెతికేవాడికి రాచకొండ విశ్వనాథశాస్త్రి దొరకాలి. చాసో అన్నవాడికి చాగంటి సోమయాజులు దొరకాలి. ఆరుద్ర అన్నవాడికి భాగవతుల శంకరశాస్త్రి దొరకాలి. పైగా మన ఇంటిపేరు ముందొస్తుంది. చివరి మాటే ఇంటిపేరనుకునే పాశ్చాత్య అలవాటుతో తయారుచేసిన సాఫ్ట్‌వేర్ గురజాడ వారిని ‘రావు’ కింద పడేస్తుంది. రావు కింద ఉన్న జనాభా ఎంతో మీకు చెప్పాలా?

ఊళ్ళ సంగతి ఇంకా చిత్రం. శ్రీకాకుళం పాత కాగితాల్లో చికాకోల్. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా అది గంజాం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. పార్వతీపురం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లా, 1979 నుంచి విజయనగరం జిల్లా, 2022 నుంచి తానే జిల్లాకేంద్రం. ఊరు కదల్లేదు, నాలుగు జిల్లాలు మారింది. శ్రీకాకుళ గిరిజనోద్యమం మీద పనిచేసే విద్యార్థి పార్వతీపురం కుట్ర కేసు కాగితాల్ని ఏ జిల్లా పేరు కింద వెతకాలి? ఈ మార్పుల్ని ఒకరు కూచుని రాసిపెట్టకపోతే, 2050లో వచ్చే విద్యార్థికి ‘శ్రీకాకుళోద్యమం శ్రీకాకుళంలో జరగలేదా’ అనే అనుమానం వస్తుంది.

పేరు పెట్టడంలో మర్యాద ప్రశ్న కూడా ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, 1931లో దాని మీద ఇంగ్లీషులో ఒక కరదీపిక అచ్చు వేశారు. పేరులో సోరా, సవర అని రెండు మాటలూ పెట్టారు. ఆ భాష మాట్లాడేవాళ్ళు తమని తాము పిలుచుకునే మాటా, చుట్టూ ఉన్నవాళ్ళు పిలిచే మాటా ఒకటి కానప్పుడు కేటలాగు ఎవరి మాట వినాలి? రెంటికీ దారి ఉండాలి. గిడుగు వారు పుస్తకం పేరులోనే ఆ దారి వేసేశారు. మంచి కేటలాగరు కూడా చేసేది అదే.

గోధుమలకి బదులు పుస్తకాలు

ఈ పనికి డబ్బు పెడితే ఏమౌతుందో చూపించే చరిత్ర ఒకటి అమెరికాలో ఉంది. పీఎల్ 480 చట్టం కింద మనం అమెరికా నుంచి గోధుమలు తెచ్చుకున్నాం. ధర రూపాయల్లో కట్టాం. ఆ రూపాయల్లో కొంత పెట్టి అమెరికా ప్రభుత్వం 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాల్ని కొని తమ విశ్వవిద్యాలయాలకి పంపింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో ఆఫీసు పెట్టింది. కొన్న పుస్తకాల జాబితా అచ్చు వేస్తూ వచ్చింది. తెలుగు చదవగలిగిన మనుషుల్ని పెట్టి తెలుగు పుస్తకాలకి వివరాలు రాయించింది. కొనడంతో పాటు రాయించడానికి కూడా జీతాలిచ్చింది, గమనించండి. అందుకే అరవైల్లో ఒక చిన్న ఊళ్ళో అచ్చయిన తెలుగు పుస్తకం గురించి, అది పుట్టిన జిల్లాలో దొరకని వివరం షికాగోలోనో విస్కాన్సిన్‌లోనో దొరకడం తెలుగు పరిశోధకులకి కొత్త కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొద్దీ తెలుగు పుస్తకాల్ని స్కాన్ చేసింది. గొప్ప పని, ఎన్నో పుస్తకాలు దాని వల్లే బతికాయి. కానీ పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, తోచినట్టు, ముక్కలు ముక్కలుగా ఎక్కాయి. రచయిత పేరు ఉండాల్సిన చోట ఇంకేదో, సంవత్సరం ఉండాల్సిన చోట సున్నా. పుస్తకం ఉందని తెలుసు, వెతికితే రాదు. తర్వాత ఆ సైటు మూతపడి, పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. తెలుగు వికీపీడియా సభ్యులు కొందరు ఒక్కో పుస్తకం తెరిచి చూసి, తెలుగులో పేరూ రచయితా రాసి జాబితాలు చేశారు. ఆ పని వాళ్ళు జీతానికి చేసే కేటలాగర్ల పద్ధతిలోనే చేశారు. స్కాన్ చేసినప్పుడే ఒక మనిషిని పక్కన కూచోబెట్టి ఉంటే ఇంత తిప్పలు ఉండేవి కావు.

ఇప్పుడు సెర్చ్ ఉందిగా, పుస్తకంలోని ప్రతి అక్షరాన్నీ కంప్యూటర్ చదివేస్తుందిగా, ఇంకా ఈ చీటీలెందుకు అనే వాదన వింటుంటాను. పాత తెలుగు అచ్చులో అరసున్నలూ, వలపలగిలకలూ, నూరేళ్ళ కిందటి విసంధి లేని పొడవాటి మాటలూ ఉంటాయి. అరిగిపోయిన సీసపు అక్షరాలుంటాయి. కంప్యూటర్ వాటిని తప్పుగా చదువుతుంది, తప్పు చదివానని చెప్పదు. రేపు బాగా చదవడం నేర్చుకుంటుంది, ఒప్పుకుంటాను. అయినా చేతిలో ఉన్న ‘కన్యాశుల్కం’ 1897 నాటిదా 1909 నాటిదా అనేది, ముఖపత్రం చిరిగిపోయిన ప్రతి విషయంలో, రెండు పాఠాలూ తెలిసిన మనిషి తేల్చాల్సిన సంగతి. ఆ తేల్చిన మాటని రాసిపెడితేనే కంప్యూటర్‌కి వెతకడానికి ఏదైనా ఉంటుంది.

లెక్కల మనిషి చెప్పింది

ఇది మెదడు పెట్టక్కర్లేని పని అనుకునేవాళ్ళకి ఎస్.ఆర్. రంగనాథన్ కథ చెప్పాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. లండన్‌లో చదువుకునేటప్పుడు బొమ్మల దుకాణంలో మెకానో సెట్టు చూశారు. అవే ముక్కల్ని రకరకాలుగా బిగిస్తే రకరకాల బొమ్మలు. విషయాల్ని కూడా ముందే గీసిన గదుల్లో పెట్టకుండా, ముక్కలుగా విడదీసి అవసరమైనట్టు బిగించవచ్చు కదా అనుకున్నారు. అలా పుట్టింది 1933 నాటి కోలన్ వర్గీకరణ. అంతకు ముందు 1931లో ఆయన రాసిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం వృథా కానివ్వకూడదంటుంది. మనం ఇవాళ షాపింగ్ సైట్లలో రంగు, సైజు, ధర అని పక్కన గుర్తులు పెట్టి వెతికే పద్ధతికి మూలం ఆ ఆలోచనలోనే చూస్తారు ఆ రంగంలో పనిచేసేవాళ్ళు.

ఉత్తరాంధ్రకీ ఈ చదువు కొత్తదేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా మొదలుపెట్టింది. కవీ నాటకకర్తా అయిన అబ్బూరి రామకృష్ణారావు గారు అక్కడ లైబ్రేరియన్‌గా పనిచేశారు. సాహిత్యమూ సూచికా ఒకే మనిషి చేతుల్లో ఉండటం మన దగ్గర అసాధ్యమేం కాదని ఆయనా, కారా మాస్టారూ రెండు కొసల్లో నిలబడి చూపించారు.

మరి ఏం చెయ్యాలి? 1960 గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బుకి లెక్క అడిగేటప్పుడు కొత్త భవనం, కొత్త కుర్చీలు, కొత్త పుస్తకాలు అని అడుగుతాం. కేటలాగు రాసేవాళ్ళు ఎందరున్నారని కూడా అడుగుదాం. ఒక రచయిత కుటుంబం సొంత పుస్తకాల్ని గ్రంథాలయానికిస్తే దండలేసి ఫోటో తీస్తారు. ఆ పెట్టెలు విప్పి రాయడానికి ఎంతమంది, ఎన్ని నెలలు అనే లెక్క కూడా ఆ రోజే వేసుకుంటే బాగుంటుంది. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూసిన తీరం ఇది. రేపు ఇంకో తుఫాను గది కప్పు లేపేస్తే, రిజిస్టర్ నకలు వేరే చోట లేని గ్రంథాలయానికి ఏం పోయిందో కూడా తెలీదు. పోయినదాన్ని మళ్ళీ సంపాదించాలన్నా ముందు దాని పేరు తెలియాలి.

ఇది చదువుతున్న మీరు చెయ్యగలిగింది కూడా ఉంది. పాత పుస్తకాన్ని ఫోన్‌తో స్కాన్ చేస్తే ముఖపత్రాన్నీ, దాని వెనక పేజీనీ వదిలెయ్యకండి. ముద్రణ, సంవత్సరం, ప్రెస్సు పేరు ఉండేది అక్కడే. ఫైలుకి పేరు పెట్టేటప్పుడు రచయిత పేరు తెలుగులో పూర్తిగా రాయండి. పత్రికలో వచ్చిన మీ కథని కత్తిరించి దాచుకుంటే పక్కన తేదీ వెయ్యండి. పరిశోధన పుస్తకానికి కృతజ్ఞతలు రాసేటప్పుడు, అడగ్గానే సంచిక తీసిచ్చిన గ్రంథాలయోద్యోగి పేరుతో పాటు, ఆ సంచిక అక్కడుందని ఎప్పుడో రాసిపెట్టిన మనిషి ఎవరో కనుక్కుని ఆ పేరు కూడా రాయండి. గ్రంథాలయ చరిత్రలో కనిపించని ఆ ఐదో రకం మనుషుల జాబితా అలా అయినా మొదలవుతుంది.